పోస్ట్‌డాక్ అంటే మళ్లీ చదువు కాదండీ, ఉద్యోగమే

ప్రశ్న: మాది చంద్రగిరి. మా అమ్మాయి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఎలుకల కండరాల మీద పరిశోధన చేసింది. ఇప్పుడు అమెరికాలో ఒక ల్యాబ్ నుంచి పోస్ట్‌డాక్ ఆఫర్ వచ్చింది. కండరాల జబ్బుల్లో క్యాల్షియం సిగ్నలింగ్ అంట. లెటర్‌లో ఒక్క ఏడాదికే అని ఉంది. ఇక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టు ఇస్తామంటున్నారు. వయసు 29. ఇంకా ఎన్నేళ్లు చదివించాలి? పంపమంటారా?

జవాబు: ముందు ఆ చదివించడం అనే మాట పక్కన పెట్టండి. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక ఒక ల్యాబ్‌లో కొన్నాళ్లు చేసే పరిశోధన ఉద్యోగం. దానికి మీరు ఫీజు కట్టరు, వాళ్లే జీతం ఇస్తారు. వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2024లో మొదటి ఏడాది పోస్ట్‌డాక్‌కు 61,008 డాలర్లు నిర్ణయించింది. చాలా యూనివర్సిటీలు దాన్నే ఆధారంగా తీసుకుంటాయి. మీ అమ్మాయి లెటర్‌లోని అంకెను దానితో పోల్చి చూడండి. ఆ ఊళ్లో ఇంటి అద్దె ఎంతో, హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తున్నారో లేదో కూడా కనుక్కోండి.

ఇక ఆ సబ్జెక్టు గురించి. కూతురు ఏం చేస్తోందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కండరం ముడుచుకోవాలంటే కణంలో నిల్వ ఉన్న క్యాల్షియం విడుదల కావాలి. మన చెరువు లాంటిదే ఆ నిల్వ. దానికి రయనోడిన్ రిసెప్టర్ అనే తూము ఉంటుంది. తూము తెరిస్తే కండరం బిగుస్తుంది. సెర్కా అనే పంపు క్యాల్షియాన్ని తిరిగి లోపలికి ఎక్కిస్తే వదులవుతుంది. ఆ తూము జన్యువులో లోపం ఉన్న కొందరికి ఆపరేషన్ థియేటర్‌లో కొన్ని రకాల మత్తు వాయువులు ఇవ్వగానే ఒళ్లంతా బిగుసుకుపోయి జ్వరం విపరీతంగా పెరుగుతుంది. 1960ల్లో ఇలా అయినవాళ్లలో 70 నుంచి 80 శాతం మంది చనిపోయేవారు. ఆ తూము మీదే పనిచేసే డాంట్రోలిన్ మందు వచ్చాక, జాగ్రత్తలు పెరిగాక, ఇప్పుడది 5 శాతం లోపే. మగపిల్లల్లో సుమారు 5,000 మందిలో ఒకరికి వచ్చే, కండరాలు క్రమంగా క్షీణించే డుషేన్ అనే జన్యు జబ్బులోనూ కండర కణాల్లోకి చేరే అదనపు క్యాల్షియం నష్టం చేస్తుంది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. మీ అమ్మాయి చేయబోయే పని ఇలాంటి చోట పనికొస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వెలుగులోకి తెచ్చారు. ఈ దారిలో మనవాళ్లు ఎప్పుడో నడిచారు.

అయితే సబ్జెక్టు మంచిదైనంత మాత్రాన పంపేయమని చెప్పను. అమెరికా అన్న పేరు చూసి అసలే చెప్పను. పోస్ట్‌డాక్ బాగుపడేదీ చెడేదీ ఆ ల్యాబ్ పెద్దను బట్టే. ఏడాది లెటర్ చూసి భయపడకండి, అక్కడ ఏటా పొడిగించడం మామూలే. కానీ ఆ జీతం ఏ గ్రాంటు (పరిశోధనకు ఇచ్చే నిధులు) నుంచి వస్తోంది, ఆ గ్రాంటు ఎప్పుడు ముగుస్తుంది అని ప్రొఫెసర్‌నే సూటిగా అడగమనండి. అడగడం మర్యాద తక్కువేమీ కాదు. ఇంకో రెండు మూడేళ్లు ఉంటే నిశ్చింత. ఆరు నెలల్లో అయిపోతుంటే ఆగాలి. అక్కడ పనిచేసి వెళ్లిన ఇద్దరితోనైనా ఫోన్‌లో మాట్లాడాలి. ఇప్పుడు ఎక్కడున్నారు, సొంత పేరుతో పేపర్లు వచ్చాయా, సెలవు అడిగితే ఇచ్చేవారా? ల్యాబ్ వెబ్‌సైట్‌లో కనపడనివన్నీ అక్కడే తెలుస్తాయి. ఇంకొకటి, వేరు చేసిన ఒక్కో కండర పోగులో క్యాల్షియాన్ని మైక్రోస్కోప్ కింద కొలవడం, కణం పొరలోంచి వెళ్లే అతి చిన్న విద్యుత్ ప్రవాహాల్ని కొలిచే ప్యాచ్ క్లాంప్ లాంటివి తన చేతులతో చేయనిస్తారా? ఎవరో చేసిన ప్రయోగాలకు లెక్కలు వేసే పనే అయితే నేను వద్దంటాను.

కాలేజీ పోస్టు చిన్నదని కాదు. కానీ ల్యాబ్ లేని కాలేజీలో రెండేళ్లు గడిపాక మళ్లీ పరిశోధనలోకి రావడం చాలా కష్టం. పోస్ట్‌డాక్ నుంచి బోధనకు రావడం అంత కష్టం కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టులో పోస్ట్‌డాక్ అనుభవానికి ఏడాదికి 2 మార్కుల చొప్పున 10 దాకా వస్తాయి. ఐసర్ లాంటి కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థలైతే పీహెచ్‌డీ తర్వాత సాధారణంగా 3 ఏళ్ల అనుభవం అడుగుతాయి. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్ల కోసం 5 ఏళ్ల రామలింగస్వామి ఫెలోషిప్ కూడా ఉంది.

ఫ్యాకల్టీ పోస్టు గ్యారంటీ అని మాత్రం ఎవరూ చెప్పలేరు. ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే అక్కడున్నప్పుడే ఇమేజ్ అనాలిసిస్, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోమనండి. మందుల కంపెనీల వైపు కూడా తలుపు తెరిచి ఉంటుంది.

మీరు పెళ్లి మాట రాయలేదు గానీ వయసు రాశారు కాబట్టి చెబుతున్నాను. తను జే-1 వీసా (పరిశోధకుల్లాంటి వాళ్లకు తాత్కాలికంగా ఇచ్చేది) మీద వెళితే భర్తకు జే-2 వస్తుంది, దాని మీద పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. పెళ్లి మాత్రం తన ఇష్టప్రకారం జరగనివ్వండి.

ఈ వారంలోనే ఆ ప్రొఫెసర్‌కు గ్రాంటు సంగతి అడుగుతూ మెయిల్ పెట్టించండి. ఏర్పేడు దగ్గర ఐసర్ క్యాంపస్‌లో బయాలజీ అధ్యాపకుల్లో విదేశాల్లో పోస్ట్‌డాక్ చేసి వచ్చినవాళ్లుంటారు. ముందుగా అడిగి, ఆఫర్ లెటర్ తీసుకుని ఒకసారి కలవమనండి, మీరూ వెంట వెళ్లండి. జవాబు వచ్చేదాకా కాలేజీవాళ్లకు అవునని గానీ కాదని గానీ చెప్పకుండా కాస్త గడువు అడగండి.