ట్రాన్స్ మహిళ అయిన మా చెల్లెలు జ్వరం వచ్చినా పెద్దాసుపత్రికి రానంటోంది, ఏం చేయాలి?

దేవరకొండ నుంచి అడిగిన అక్కా, మీ చెల్లెలికి పది రోజులుగా జ్వరం వచ్చి పోతోందనీ, ఆమె ఆరెంపీ దగ్గర సూదులు వేయించుకుంటోందే తప్ప పెద్దాసుపత్రికి రావడం లేదనీ రాశారు. నేనూ ట్రాన్స్ మహిళనే, మాది మర్రిగూడ వైపు. ఆమెది మొండితనం కాదని ముందుగా చెప్పాలి.

2021లో మోకాళ్ల నొప్పులతో నేనొక ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీ కోసం ఆడవాళ్ల వరుసలో నిలబడితే అటు పొమ్మన్నారు, మగవాళ్ల వరుసలోకి వెళితే ఇటు పొమ్మన్నారు. చివరికి చీటీ మీద ఆధార్‌లోని పాత పేరే రాశారు. ఆ పేరు గట్టిగా పిలిచినప్పుడు చీర కట్టుకున్న నేను లేవగానే బెంచీల మీద ఉన్న వాళ్లందరూ తలలు తిప్పి చూశారు. లోపల డాక్టరు నా మోకాలిని ముట్టుకోకుండానే, ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నావని అడిగి, ఇదంతా హార్మోన్ల వల్లేనని చెప్పి పంపించేశారు. మా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, అది ఎముకలనూ కీళ్లనూ పాడు చేస్తుందని మన నల్గొండ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత రెండేళ్లు నేనూ ఆరెంపీ సూదులతోనే నెట్టుకొచ్చాను. "ఏ నీళ్లు తాగి పెరిగావమ్మా?" అని అడిగిన డాక్టరమ్మ దొరికిన రోజున గానీ నాకు అసలు వైద్యం మొదలు కాలేదు.

అందుకే ఓపీ వరుసలో ఆమెకు బదులు మీరే నిలబడండి. ఆమె ఇప్పుడు పెట్టుకున్న పేరును ఒక కాగితం మీద రాసి నర్సుకు ఇచ్చి, ఆ పేరుతోనో, టోకెన్ నంబరుతోనో పిలవమని అడగండి. నా అనుభవంలో చాలామంది నర్సులు ఈ మాట మన్నించారు.

హార్మోన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరు దగ్గర అస్సలు దాచవద్దు. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ వల్ల కొందరిలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, మగ హార్మోన్‌ను అణచడానికి వాడే స్పైరోనోలాక్టోన్ వల్ల రక్తంలో పొటాషియం పెరగవచ్చు. హిమోగ్లోబిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ సాధారణ విలువలు ఆడవారికీ మగవారికీ వేరుగా ఉంటాయి కనుక రిపోర్టు చదివేవారికి కూడా ఈ విషయం తెలియాలి. ఆరెంపీ వేసిన సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే జ్వరం పైకి తగ్గినట్లు కనిపించి లోపల జబ్బు ముదరవచ్చు, కాబట్టి ఆ సంగతీ చెప్పి డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షల గురించి అడగండి.

జ్వరానికి మందు రాయడానికి ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్‌తో పని లేదు. వైద్యం నిరాకరించడాన్నీ, వైద్యంలో వివక్ష చూపడాన్నీ 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 3వ సెక్షన్ నిషేధించింది.

తెలంగాణ ప్రభుత్వం 2024 డిసెంబరులో 33 మైత్రి ట్రాన్స్ క్లినిక్‌లను ప్రారంభించింది, హార్మోన్ల విషయంలో అక్కడ అడగవచ్చు. అయితే మన వైద్యమంతా ప్రత్యేక క్లినిక్‌లకే వదిలేయడం నాకు సమ్మతం కాదు. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకున్నా, జ్వరం, పంటినొప్పి, షుగరు వంటివి మన ఊరి ఓపీలోనే చూడాలి, అది మనకు రావలసిన వైద్యం.

పది రోజుల జ్వరం కనుక ఇక ఆలస్యం చేయవద్దు, రేపే తీసుకెళ్లండి. ఆమె రోజూ మింగే మాత్రల స్ట్రిప్పులనూ, ఆరెంపీ రాసిన చీటీలనూ సంచిలో వేసుకుని వెళ్లండి.