గండికోట ప్రయాణానికి ముందు

చి. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లుడు పంపిన ప్లాన్ చూశాను. మూడు రోజుల్లో మహానంది, అహోబిలం, యాగంటి, బెలుం, గండికోట, తాడిపత్రి, లేపాక్షి అన్నీ పెట్టాడు. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు ఉంటాయి. కానీ మన సీమలో తిరగాలంటే కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటే చాలదు, వేళ చూసుకోవాలి. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు. బెలుం గుహలకు పొద్దున పదింటికి గానీ టికెట్లు ఇవ్వరు. గండికోట లోయను తెల్లవారేటప్పుడు, పొద్దు వాలేటప్పుడు చూడాలి. మిట్టమధ్యాహ్నం అక్కడ నిలబడితే బండల సెగ తప్ప ఇంకేం గుర్తుండదు. ఈ మూడూ కుదిరేలా దారి వేసుకుంటే చాలు. అందుకే ఆ లిస్టులో సగం కొట్టేస్తున్నా, ఏమీ అనుకోవద్దని అల్లుడికి చెప్పు.

లేపాక్షి ఈసారి వద్దు. అది అనంతపురం దాటి హిందూపురం దగ్గర ఉంది. పోయి ఆ పెద్ద నందినీ, వేలాడే స్తంభాన్నీ ఫోటో తీసుకుని వెనక్కి తిరిగితే వెళ్లినట్టే కాదు. అక్కడి అసలు సంపద మండపం పైకప్పు మీది బొమ్మలు. మెడ ఎత్తి, ఆగి ఆగి చూడాలి, పూట పడుతుంది. పెనుకొండ, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కలిపి ఇంకోసారి పెట్టుకోండి. అహోబిలం కూడా వద్దు. నవ నారసింహ క్షేత్రాలంటే అడవిలో నడక. మోకాళ్ల నొప్పులున్న వదినగారిని కారులో కూర్చోబెట్టి మీరు కొండెక్కడం బాగుండదు. మహానంది నంద్యాల వైపు ఉంది, మన దారిలోకి రాదు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు ఎప్పుడైనా రండి. కార్తీక మాసం సోమవారాలు, సంక్రాంతి సెలవులు మాత్రం వదిలెయ్యండి, యాగంటిలో నిలబడటానికి చోటుండదు. మామిడికాయల కాలంలో వస్తే బనగానపల్లెలోనే బంగినపల్లి పండు తినొచ్చు కదా అని పిల్లలు అడుగుతారేమో. ఆ ఎండల్లో ఈ ప్రయాణం వద్దే వద్దు, పళ్లు నేనే పంపిస్తాను.

హైదరాబాద్ నుంచి గురువారం మధ్యాహ్నానికల్లా కర్నూలు చేరండి. సాయంత్రం చల్లబడ్డాక ఓర్వకల్లు రాతివనం చూసి రావచ్చు, నంద్యాల రోడ్డు మీద అరగంట దూరం. కొండారెడ్డి బురుజు ఊరి మధ్యే ఉంది, వస్తూ పోతూ కనిపిస్తుంది. రాత్రికి మా ఇంట్లో తిని పెందలాడే పడుకోవాలి.

శుక్రవారం ఆరింటికల్లా కారు కదలాలి. పాణ్యం దగ్గర నంద్యాల రోడ్డు వదిలి బనగానపల్లె వైపు తిరిగితే ఎనిమిదిన్నరకు యాగంటిలో ఉంటారు. ముందు కోనేరు దగ్గరికి వెళ్లండి. కొండ లోపలి నుంచి వచ్చే నీళ్లు నంది నోట్లో నుంచి పడుతుంటాయి. పిల్లలను చెయ్యి పెట్టి చూడమను. దర్శనం అయ్యాక బసవన్న దగ్గర కాసేపు కూర్చోండి. ఆ బసవన్న పెరుగుతున్నాడనీ, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణం చేసేంత చోటు ఉండేదనీ, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడనీ మా వైపు అందరూ చెప్పుకుంటారు. బ్రహ్మంగారు ఉన్న బనగానపల్లె పక్కనే కాబట్టి ఆ మాటకు ఇక్కడ బలం ఎక్కువ. అగస్త్యుడి శాపం వల్ల ఇక్కడ కాకి వాలదనే కథ కూడా పిల్లలకు చెప్పు, రోజంతా ఆకాశం కేసి చూస్తూనే ఉంటారు. గుడి పక్క కొండలో ఉన్న గుహల మెట్లు నిటారుగా ఉంటాయి, వదినగారు కిందే కూర్చోవడం మేలు. ఇంకో సంగతి, పది దాటితే గుడి బండలు కాలతాయి. అందరికీ ఒక్కో జత పాత సాక్సులు బ్యాగులో వెయ్యి.

పదకొండుకల్లా అక్కడి నుంచి బయల్దేరి, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలుం వెళ్లండి. దారిలో భోజనం ఎక్కడా అని వెతుక్కోవద్దు, నేను చిత్రాన్నం, పెరుగన్నం కట్టిస్తాను. గుహలోకి దిగే ముందు కడుపు నిండా తినకండి. లోపల చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. కాదు, ఉక్కపోత. గాలి కోసం పంపులు పెట్టారు గానీ పావుగంటలో చొక్కా తడిసిపోతుంది, కళ్లద్దాలు మసకబారతాయి. పలుచటి నూలు బట్టలు వేసుకోండి, చేతిలో ఒక తువ్వాలు, నీళ్ల సీసా చాలు. బీపీ ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు మొదటి గదుల దాకా వచ్చి వెనక్కి తిరగడంలో తప్పు లేదు.

పొలం మధ్యలో బావుల్లాంటి మూడు గుంతలు కనిపిస్తాయి, నడిమి దాంట్లో నుంచే మనం దిగేది. గుహల పొడవు మొత్తం 3,229 మీటర్లు, అందులో మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాసిపెట్టాడు. దాదాపు వందేళ్ల తర్వాత జర్మన్లు వచ్చి లోపల కొలతలు వేశారు. 2002 నుంచి జనాన్ని పంపిస్తున్నారు. ఇదంతా పిల్లలకు పైనే చెప్పెయ్, లోపల చెమటలో ఎవరూ వినరు. లోపల మాత్రం గోడ మీద చెయ్యి పెట్టమను. నల్లగా, నున్నగా, ఒంపులు తిరిగి ఉంటుంది. వాన నీళ్లు సున్నపురాయిని లక్షల ఏళ్లు కరిగించి వేసిన దారులవి. మీ వంటింటి గట్టు మీద ఉన్న కడప బండ కూడా ఇలాంటి సున్నపురాయే. స్కూలు పిల్లలను తీసుకొచ్చినప్పుడు నేను ఎప్పుడూ ఈ మాట చెప్పేదాన్ని. మళ్లీ ఇంటికి వెళ్లి వంటింటి బండను తడిమి చూశామని చెప్పిన పిల్లలున్నారు. కొడితే రాళ్లు స్వరాల్లా మోగే సప్తస్వరాల గుహ ఒకటి లోపల ఉంది, అక్కడ రాళ్లను కొట్టి చూడనివ్వకు, అవి ఏర్పడటానికి ఎంత కాలం పట్టిందో చెబితే వాళ్లే ఆగుతారు. గుహ లోపలి నీటి పాయ పాతాళగంగ దగ్గర తడిగా ఉంటుంది, అడుగు చూసి వెయ్యండి.

మూడున్నరకు పైకి వచ్చేసి జమ్మలమడుగు దారి పట్టండి. ఇక్కడ అల్లుడికి ఒక్క మాట. కొలిమిగుండ్ల, తాడిపత్రి చుట్టుపక్కల బండల లారీలు, సిమెంటు లారీలు ఎక్కువ. పొద్దు గూకాక ఈ రోడ్ల మీద తొందరపడి ఓవర్‌టేక్ చెయ్యొద్దు. సాయంత్రం పూట గొర్రెల మందలు కూడా రోడ్డెక్కుతాయి, హారన్ కొట్టకుండా ఆగితే వాటంతటవే పక్కకు పోతాయి. బయల్దేరే ముందే స్టెప్నీలో గాలి చూసుకోమను. పెట్రోలు జమ్మలమడుగులో నింపుకోవాలి. గండికోటలో సిగ్నల్ సరిగా దొరకదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, చేతిలో చిల్లర నోట్లు ఉంచుకోండి.

గండికోటలో రెండు రాత్రులు ఉండాలి. దీనిమీద నేను తగ్గను. వచ్చేవాళ్లలో చాలామంది మధ్యాహ్నం దిగి, లోయ అంచున ఫోటో తీసుకుని, గంటలో వెళ్లిపోతారు. ఆ కోట అలా చూసేది కాదు. టూరిజం వాళ్ల హరిత హోటల్ కోట దగ్గరే ఉంది. శని, ఆదివారాలు గదులు దొరకవు కాబట్టి తేదీ అనుకున్న రోజే బుక్ చెయ్యి. దొరక్కపోతే జమ్మలమడుగులో లాడ్జి చూసుకోవచ్చు, పదిహేను కిలోమీటర్లే. కానీ తెల్లవారుజామున అక్కడి నుంచి లేచి రావాలి.

శనివారం ఆరింటికల్లా లోయ దగ్గర ఉండండి. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన చోటది. అటూ ఇటూ ఎర్రటి రాతి గోడలు ఎవరో ఇటుకలు పేర్చినట్టు నిలబడి ఉంటాయి. మొదట అంతా బూడిద రంగులో ఉంటుంది. తర్వాత అవతలి గోడ పైఅంచు మాత్రం ఎర్రబడుతుంది, ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగుతూ నీళ్ల దాకా వస్తుంది. ఆ పావుగంట ఫోన్లు జేబుల్లో పెట్టుకొని కూర్చోండి. అంచున చాలా చోట్ల కంచె లేదు. బండలెక్కి దిగాలి, మంచు పడిన పొద్దు జారుతాయి కూడా. చిన్నవాడి చెయ్యి అల్లుడు పట్టుకోవాలి, పెద్దదాని చెయ్యి నువ్వు. జారని బూట్లు వేసుకోండి. వదినగారి కోసం వెనకాల చదునుగా ఉన్న బండ చూసి కూర్చోబెట్టు, అక్కడి నుంచి కూడా బాగానే కనిపిస్తుంది.

ఎండ ముదిరే లోపు కోట తిరగండి. మాధవరాయ స్వామి గుడి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. లోపల మూర్తి లేదు, పూజలు లేవు, అయినా స్తంభాలు చూస్తూ నడుస్తుంటే మాట నెమ్మదిస్తుంది. జామా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, ఇంకాస్త దూరంలో రంగనాథ స్వామి గుడి. ధాన్యాగారం లోపలికి వెళ్లి కప్పు చూడమను పిల్లలను, కోటలో ఎన్ని వేలమందికి తిండి దాచాలో అక్కడ అర్థమవుతుంది. పెమ్మసాని నాయకులు తరతరాలుగా ఏలిన కోట ఇది. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది. ఆ ఏడే టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికి వచ్చాడు. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురాలు చేస్తున్నారు. వాళ్ల వాకిళ్ల ముందు అడక్కుండా ఫోటోలు తియ్యొద్దు. ఎవరైనా వండిపెడతామంటే జొన్నరొట్టె, శెనక్కాయల పొడి చెప్పి పెట్టుకోండి, ఆ రుచి హోటల్లో రాదు. మధ్యాహ్నం గదిలో పడుకోండి. సాయంత్రం మళ్లీ లోయ దగ్గరికే. ఒకే చోటికి రెండోసారి ఎందుకని పిల్లలు అడుగుతారు, తీసుకెళ్లు. వెలుగు ఈసారి అవతలి పక్కనుంచి వస్తుంది.

ఆదివారం ఏడింటికే తాడిపత్రికి బయల్దేరండి, గుళ్లు మూసేలోపు రెండూ చూడాలి. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతి రథంలా కట్టిన గరుడ మండపం ఉంది, చక్రాలు సహా అంతా రాయే. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో లింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది. దర్శనం కాగానే వచ్చెయ్యకుండా సగంలో ఆగిపోయిన ఆ గోపురాల దగ్గర నిలబడండి. మామూలుగా గోపురం కింది భాగాన్ని సాదాగా వదిలి పైన శిల్పాలు పెడతారు. ఇక్కడ నేల నుంచే మొదలుపెట్టి, అరచెయ్యంత చోటు కూడా వదలకుండా చెక్కారు. పిల్లల ఎత్తుకు సరిపోయే బొమ్మలు బోలెడు, వాళ్లకు నచ్చిన ఒక్కదాన్ని పుస్తకంలో గీసుకోమను. కెమెరాలో తీసిన వంద బొమ్మలకన్నా అదే వాళ్లకు గుర్తుంటుంది.

భోజనం తాడిపత్రిలో చేసి గుత్తి మీదుగా హైవే ఎక్కండి. గుత్తి కోట కింది నుంచి చూస్తే చాలు, ఎక్కాలంటే పొద్దున్నే రావాలి. కర్నూల్లో ఆగి కాఫీ తాగి వెళ్లండి, రాత్రి తొమ్మిదికల్లా ఇల్లు చేరతారు.

తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. వదినగారికి కారం ఎంత పడుతుందో కూడా చెప్పు, గురువారం రాత్రి సంగటి, పప్పు చేద్దామనుకుంటున్నా. శుక్రవారం తెల్లవారుజామున అందరూ లేస్తారంటే ఉగ్గాని, బజ్జీ చేసిపెడతాను, లేదంటే అది కూడా కట్టి ఇస్తాను.

మీ పెద్దమ్మ
కర్నూలు