ఆరు ఆదాయ మార్గాలు, ఒకటే ఆధారం: బ్లాగు సంపాదనపై ఒక పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: నాలుగేళ్లుగా ఇంటి మొక్కల పెంపకంపై బ్లాగు రాస్తున్నాను. నెలకు సుమారు 30,000 పేజీ వీక్షణలు వస్తాయి. వాటిలో నూటికి ఎనభై గూగుల్ సెర్చ్ ద్వారా వచ్చేవే. ప్రకటనల మీద, తోట పనిముట్లకు ఇచ్చే అఫిలియేట్ లింకుల (వాటి ద్వారా ఎవరైనా కొంటే నాకు కమీషన్ వచ్చే లింకులు) మీద కలిపి నా జీతంలో పదో వంతు వస్తోంది. వీటికి స్పాన్సర్డ్ టపాలు, ఈ-బుక్, వీడియో కోర్సు, సభ్యత్వం కూడా చేర్చి ఆరు ఆదాయ మార్గాలు ఏర్పరచుకుంటే ఏడాదిలో ఉద్యోగం మానేయవచ్చా? ఇందుకోసం కొంత అప్పు చేసి మంచి కెమెరా, బ్లాగు సంపాదనపై ఒక శిక్షణ కోర్సు కొనాలనుకుంటున్నాను. ఇది సరైన ఆలోచనేనా?

సమాధానం: చివరి రెండు విషయాలకు ముందే జవాబు చెప్పేస్తాను. అప్పు చేయకండి. ఉద్యోగం మానడానికి ఏడాది అని గడువు పెట్టుకోకండి. ఆదాయ మార్గాలను పెంచుకోవాలన్న ఆలోచన మాత్రం మంచిదే, అయితే మీరు రాసిన జాబితా పైకి కనిపించినంత వైవిధ్యమున్నది కాదు. అది ఒకే బావికి ఆరు చేదలు కట్టినట్లుంది.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ఒక చిన్న లెక్క వేసి చూడండి. సెర్చ్ ద్వారా వచ్చే పాఠకులు రేపటి నుంచి సగానికి పడిపోతే మీ ఆరు మార్గాల్లో ఏవి నిలుస్తాయి? ప్రకటనల ఆదాయం, అఫిలియేట్ కమీషన్ దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతాయి. స్పాన్సర్లు మీ వీక్షణల సంఖ్యను చూసి ధర నిర్ణయిస్తారు కాబట్టి అదీ తగ్గుతుంది. ఈ-బుక్‌నూ కోర్సునూ కొనేవారు ఏదో ఒక టపా చదివి అక్కడి నుంచి వచ్చేవారే అయినందువల్ల ఆ అమ్మకాలూ పడిపోతాయి. ఇప్పటికే చేరిన సభ్యులు మాత్రం కొంతకాలం ఉంటారు. అంటే ఆరింటిలో అయిదు ఒకే దెబ్బకు కుంగుతాయి. ఇది ఊహకు పరిమితమైన ప్రమాదం కూడా కాదు. 2023 సెప్టెంబరులోనూ 2024 మార్చిలోనూ గూగుల్ తన సెర్చ్ విధానంలో చేసిన మార్పుల తర్వాత ఎన్నో చిన్న వెబ్‌సైట్లు తమ సందర్శకుల్లో పెద్ద భాగాన్ని కోల్పోయాయి. 2024 మేలో అమెరికాలో మొదలుపెట్టి ఆ సంస్థ కృత్రిమ మేధ రాసిన సమాధానాలను సెర్చ్ ఫలితాల పైభాగంలోనే చూపిస్తోంది. "ఆకులు ఎందుకు పసుపు రంగుకు మారతాయి" వంటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికితే మీ టపా దాకా వచ్చే అవసరం చాలామందికి ఉండదు. మీ అంశంలో ఇలాంటి ప్రశ్నలే ఎక్కువ.

ప్రకటనల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఎందుకంటే అక్కడ మీ చేతిలో ఉన్నది తక్కువ. 2024లో వచ్చిన ప్రస్తుత పద్ధతి ప్రకారం, ప్రకటనకర్త గూగుల్ యాడ్స్ ద్వారా కొన్న ప్రకటనపై యాడ్‌సెన్స్ (వెబ్‌సైట్లలో ప్రకటనలు చూపించే గూగుల్ సేవ) వాడే ప్రచురణకర్తకు దక్కేది నూటికి సుమారు 68. ప్రకటనకర్తల బడ్జెట్లు ఏడాది చివరి మూడు నెలల్లో పెరిగి జనవరిలో తగ్గడం మామూలే కాబట్టి డిసెంబరు ఆదాయాన్ని పన్నెండుతో గుణించి ఏడాది అంచనా వేసుకోవడం పెద్ద పొరపాటు. పేజీలో మరిన్ని ప్రకటనలు ఇరికిస్తే ఆ నెల కొంత పెరుగుతుంది గాని, చదవడానికి వచ్చినవారు విసిగి వెళ్లిపోతారు.

అఫిలియేట్ కమీషన్ విషయంలో మీరు గుర్తుంచుకోవలసింది రేటు మీ చేతిలో ఉండదన్న సంగతి. అమెజాన్ ఈ కార్యక్రమాన్ని 1996లోనే మొదలుపెట్టింది. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ఫర్నిచర్, ఇంటి మరమ్మతు సామగ్రి వంటి విభాగాలపై కమీషన్‌ను 8 శాతం నుంచి 3 శాతానికి తగ్గించింది. అదే టపా, అంతే మంది పాఠకులు, అవే అమ్మకాలు ఉన్నా ఆ విభాగాల మీద ఆధారపడినవారి ఆదాయం అరవై శాతానికి పైగా పడిపోయింది. పైగా మీ లింకు నొక్కిన పాఠకుడు సాధారణంగా 24 గంటల్లోపు ఏదైనా వస్తువును కార్టులో వేసుకుని కొంటేనే మీకు కమీషన్ వస్తుంది. అందువల్ల ఒకే దుకాణానికి కట్టుబడకుండా, నేరుగా కమీషన్ ఇచ్చే చిన్న తయారీదారులతో కూడా ఒప్పందాలు చేసుకోండి. మీరు స్వయంగా వాడని వస్తువును సిఫారసు చేయకండి. ఇది నీతికి సంబంధించిన మాటే అయినా ఆర్థికంగానూ అవసరం. మీ మాట నమ్మి కొన్న మందు మొక్కను చంపితే ఆ పాఠకుడు మీ ఈ-బుక్ కొనడు.

స్పాన్సర్డ్ టపాలు మంచి ఆదాయమే. కాని డబ్బు తీసుకుని రాసినదని పాఠకుడికి స్పష్టంగా, టపా మొదట్లోనే చెప్పడం తప్పనిసరి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన మార్గదర్శకాలను 2009లోనే బ్లాగర్లకు కూడా వర్తింపజేసింది, మరెన్నో దేశాల్లో ఇలాంటి నిబంధనలున్నాయి. డబ్బు తీసుకుని ఇచ్చిన లింకులకు ఆ విషయాన్ని సూచించే గుర్తును పెట్టాలని గూగుల్ కూడా కోరుతుంది. పెట్టకపోతే సెర్చ్‌లో మీ స్థానం దెబ్బతినవచ్చు. ఒప్పందంలో మూడు అంశాలు రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి: సగం సొమ్ము ముందే అందడం, మీ ఫొటోలను సంస్థ ఎంతకాలం వాడుకోవచ్చన్నది, పోటీ సంస్థలకు రాయకూడదన్న షరతు ఉంటే దాని గడువు. ఈ మూడో షరతును తేలిగ్గా తీసుకుని ఒక్క టపా సొమ్ముకు ఏడాది అవకాశాలను వదులుకున్నవారు ఉన్నారు.

ఇక అసలు విషయం. సెర్చ్ మీద ఆధారపడని ఆదాయానికి పునాది ఇ-మెయిల్ జాబితా. మీ జాబితాలో అది లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఒక పాఠకుడు తన చిరునామా ఇచ్చి ఉత్తరాలు పంపమని కోరితే, ఆ తర్వాత అతన్ని చేరడానికి మధ్యలో ఏ సంస్థ అనుమతీ పెద్దగా అవసరం లేదు. మీరు వాడే సేవ నచ్చకపోతే జాబితాను తీసుకుని మరో సేవకు మారవచ్చు. ఈ జాబితా స్వయంగా ఆదాయం కాదు. అయితే ఈ-బుక్, కోర్సు, సభ్యత్వం అన్నీ దాని నుంచే అమ్ముడుపోతే అప్పుడే అవి సెర్చ్ నుంచి విడివడిన ఆదాయాలవుతాయి. అందువల్ల రాబోయే ఆరు నెలలు కొత్త ఆదాయం కంటే ఈ జాబితా మీదే ఎక్కువ సమయం పెట్టమని నా సలహా. ఒక్కో కాలానికి పనికొచ్చే మొక్కల సంరక్షణ పట్టికను ఉచితంగా ఇచ్చి, ప్రతి వారం ఒక ఉత్తరం రాయండి.

రెండోది సేవ. మీరు దీన్ని కూడా వదిలేశారు. బాల్కనీలో ఏ మొక్కలు పెట్టుకోవాలో, చనిపోతున్న మొక్కకు ఏం చేయాలో వీడియో కాల్‌లో చూసి సలహా చెప్పడం, చిన్న బృందాలకు తరగతులు నిర్వహించడం వంటివి ఇందులోకి వస్తాయి. ప్రకటనల మీద కాస్త ఆదాయం రావాలంటే వేల మంది రావాలి, సేవకు నెలకు పది మంది చాలు. మీ సమయానికి పరిమితి ఉంది కాబట్టి ఇది కొంత దూరం వెళ్లి ఆగిపోతుందన్న మాట నిజమే. అయినా మొదటి దశలో దీనికున్న విలువ డబ్బుకు మించినది: జనం ఏ సమస్యకు డబ్బు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నారో మీకు నేరుగా తెలుస్తుంది. అదే ప్రశ్న పదేపదే వస్తే ఈ-బుక్ దాని మీద రాయండి. ఈ-బుక్ అమ్ముడయ్యాకే కోర్సు గురించి ఆలోచించండి, ఆ కోర్సును కూడా మొదటిసారి ముందే సొమ్ము కట్టిన కొద్దిమందికి ప్రత్యక్షంగా చెప్పి, ఆ తర్వాతే రికార్డు చేయండి. నెలల తరబడి కోర్సు తయారుచేసి, కొనేవారు లేక కూర్చోవడం ఈ రంగంలో చాలా సాధారణమైన నష్టం. విదేశీ పాఠకులకు అమ్మదలచుకుంటే పన్ను సంగతి కూడా చూసుకోవాలి. ఐరోపా సమాఖ్యలో 2015 జనవరి 1 నుంచి డిజిటల్ ఉత్పత్తులపై విలువ ఆధారిత పన్ను కొనుగోలుదారు ఉన్న దేశపు రేటు ప్రకారం పడుతుంది. అధికారిక విక్రేతగా ఉండి ఆ పన్నును తానే వసూలు చేసి కట్టే అమ్మకపు వేదికను ఎంచుకుంటే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

సభ్యత్వాన్ని మీరు స్థిరమైన ఆదాయంగా భావిస్తున్నారనిపిస్తోంది. నెలకు అయిదు శాతం మంది వదిలి వెళ్లడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఆ లెక్కన ఈ రోజు ఉన్న వంద మందిలో ఏడాది తర్వాత మిగిలేది 54 మందే. అంటే సభ్యుల సంఖ్య ఉన్నచోటే నిలవాలన్నా మీరు ఏడాదంతా కొత్తవారిని చేర్చుకుంటూనే ఉండాలి, వారికి నెలనెలా ప్రత్యేకంగా ఏదో ఒకటి ఇస్తూనే ఉండాలి. వేదిక రుసుము కూడా లెక్కలోకి తీసుకోండి. ఉదాహరణకు చందాదారులకు ఇ-మెయిల్ ఉత్తరాలు పంపే వేదిక సబ్‌స్టాక్ పది శాతం తీసుకుంటుంది, చెల్లింపుల ఖర్చు అదనం. వార్షిక చందా ఒకేసారి అందినప్పుడు దాన్ని ఆ నెల ఆదాయంగా ఖర్చు చేయకండి. అది ఇంకా పన్నెండు నెలలు మీరు పని చేసి తీర్చవలసిన బాకీ. విడిగా ఉంచి, నెలకు పన్నెండో వంతు చొప్పున తీసుకోండి.

లెక్కలు ఎలా రాసుకోవాలో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది బ్లాగర్లు ఇక్కడే తమను తాము మోసగించుకుంటారు. బ్లాగుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. ప్రతి ఆదాయానికీ సంపాదించిన నెల, చేతికొచ్చిన నెల వేర్వేరుగా రాయండి. అమెజాన్ కమీషన్ నెల ముగిశాక సుమారు 60 రోజులకు అందుతుంది, యాడ్‌సెన్స్‌లో 100 డాలర్ల కనీస మొత్తం చేరే వరకు చెల్లింపు ఉండదు, స్పాన్సర్లు బిల్లు ఇచ్చాక నెల, రెండు నెలలు తీసుకోవడం మామూలే. కాగితం మీద లాభం కనిపిస్తూనే చేతిలో డబ్బు లేని స్థితి ఇలాగే వస్తుంది. చేతికందిన ప్రతి మొత్తం నుంచి పన్నుకు కావలసిన భాగాన్ని అదే రోజు పక్కన పెట్టండి. డొమైన్ (బ్లాగు చిరునామా), హోస్టింగ్ (బ్లాగును ఉంచే సర్వరు అద్దె), రుసుములు, కొన్న మొక్కల ఖర్చు తీసేశాక మిగిలినదాన్ని మీరు వెచ్చించిన గంటలతో భాగించండి. ఆరు మార్గాల్లో రెండు మూడు గంటకు దక్కేది చూస్తే వదిలేయదగినవని తేలవచ్చు. తేలితే నిజంగానే వదిలేయండి. ఆ పట్టికలో చివరగా ఒక గడి చేర్చి, ఈ ఆదాయం ఎవరి నిర్ణయం మీద ఆధారపడి ఉందో రాయండి. ఏ ఒక్క సంస్థ పేరు పక్కనా మొత్తంలో సగానికి మించి ఉండకూడదన్నది నేను ఇచ్చే కొలమానం. ప్రస్తుతం మీకు గూగుల్ పేరు పక్కన ఎంతుందో చూసుకుంటే నా ఆందోళన మీకు అర్థమవుతుంది.

కెమెరా, శిక్షణ కోర్సు సంగతి. మీ చేతిలోని ఫోను మొక్కల ఫొటోలకూ మొదటి తరగతులకూ సరిపోతుంది. బ్లాగు ఆదాయం నుంచే కెమెరా కొనగలిగిన రోజున కొనండి, అప్పటికి ఎలాంటిది కావాలో కూడా తెలుస్తుంది. శిక్షణ కోర్సు విషయంలో ఒక్క ప్రశ్న అడగండి: దాన్ని అమ్మేవారి సొంత ఆదాయంలో ఎంత భాగం ఆ కోర్సు నుంచే వస్తోంది? సమాధానం దాటవేస్తే మీ డబ్బు దగ్గరే ఉంచుకోండి. నెలనెలా మారే ఆదాయాన్ని నమ్ముకుని నెలనెలా తప్పనిసరిగా కట్టవలసిన వాయిదా నెత్తిన పెట్టుకోవడం నేను ఏ పరిస్థితిలోనూ సిఫారసు చేయను.

ఉద్యోగం మానడానికి గడువు బదులు షరతులు పెట్టుకోండి. గత పన్నెండు నెలల్లో అతి తక్కువ వచ్చిన మూడు నెలల సగటు, ఖర్చులూ పన్నూ పోను, మీ ఇంటి అవసరాలకు సరిపోవాలి. ఉద్యోగంతో పాటు పోయే ఆరోగ్య బీమా, పదవీ విరమణ పొదుపులను మీరే కట్టుకోవాలి కాబట్టి వాటిని కూడా ఆ అవసరాల్లో కలపండి. బ్లాగు సొమ్ముతో సంబంధం లేకుండా ఏడాది ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. ఆదాయంలో కనీసం సగం ఇ-మెయిల్ జాబితా నుంచీ సేవల నుంచీ రావాలి. ఇవి నెరవేరడానికి రెండేళ్లు పట్టినా, నాలుగేళ్లు పట్టినా నష్టం లేదు, ఈలోగా జీతం వస్తూనే ఉంటుంది. మీ సంస్థ ఒప్పుకుంటే వారానికి ఒక రోజు తక్కువ పని చేసే ఏర్పాటును మధ్య మెట్టుగా వాడుకోవచ్చు.

ఈ నెలలోనే చేయవలసిన పనులు రెండున్నాయి. డొమైన్ మీ పేరిట, మీ సొంత ఇ-మెయిల్‌తో నమోదై ఉందో లేదో చూసి, టపాలన్నిటి నకలు మీ దగ్గర భద్రపరచండి. తర్వాత మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి ఆదాయం గురించి ఏముందో చదవండి. ప్రకటనల సొమ్మును పట్టించుకోని యాజమాన్యాలు కూడా మరో సంస్థ నుంచి స్పాన్సర్‌షిప్ తీసుకోవడాన్ని అభ్యంతరపెట్టవచ్చు. అనుమతి కావాలంటే మొదటి స్పాన్సర్‌కు జవాబివ్వకముందే రాతపూర్వకంగా తీసుకోండి.