బొమ్మలో బ్యాటరీ కనిపించట్లేదు, బాబు తినట్లేదు.. ముందు ఎక్స్‌రే, తర్వాతే వాకర్ మాట

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి 11 నెలలు. పట్టుకుని నిలబడతాడు గానీ ఇంకా నడవట్లేదు, వాకర్ కొనమని మా అత్తయ్యగారు అంటున్నారు. పళ్ళు వస్తున్నట్టున్నాయి, చొంగ తెగ కారుతోంది, రెండు రోజులుగా ఏం పెట్టినా ఉమ్మేస్తున్నాడు, మధ్యమధ్యలో దగ్గు. నాలుగేళ్ళ మా పెద్దపాపకి వాడగా మిగిలిన దగ్గు సిరప్ కొంచెం పట్టాను. పాటలు పాడే బొమ్మ ఒకటుండేది, వెనక మూత ఊడి బ్యాటరీ ఎక్కడో పడిపోయింది. దాని బదులు ఉపయోగపడేవి, సరదాగా ఆడుకునేవి ఏవి కొనమంటారు? పళ్ళకి రాసే జెల్, మెడలో వేసే పూసల దండ మంచివేనా? - ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీరు అడిగింది బొమ్మల గురించి, కానీ 'బ్యాటరీ ఎక్కడో పడిపోయింది' అన్న దగ్గరే నేను ఆగిపోయాను. అది ఈపాటికి దొరికి, మీ చేతిలో ఉంటే సరే. దొరక్కపోతే ఇక్కడే చదవడం ఆపేసి, బాబుని ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. రేపు ఓపీ తెరిచేదాకా ఆగొద్దు. మిగతాది దారిలో చదవండి.

చొంగ పళ్ళ వల్లే కావచ్చు, దగ్గు మామూలు జలుబు వల్లే కావచ్చు. బాబుని చూడకుండా ఫలానా అని నేను చెప్పలేను. కానీ బిళ్ళలాంటి గుండ్రటి బ్యాటరీ మింగిన పిల్లలు కూడా సరిగ్గా ఇలాగే వస్తారు: చొంగ, తిండి ఉమ్మేయడం, దగ్గు, ఒక్కోసారి ఊపిరిలో గురక శబ్దం. కొందరికి మొదట్లో ఏమీ ఉండదు కూడా. అందుకే మింగడం మనం కళ్ళారా చూడకపోయినా, బ్యాటరీ కనిపించట్లేదు, బిడ్డ తినట్లేదు అంటే చాలు, ఎక్స్‌రే తీయాల్సిందే.

ఆ బ్యాటరీ గొంతు దిగాక అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. లోపలి తడి గోడ దానికి ఆనుకోగానే కరెంటు పారడం మొదలై, నెగటివ్ వైపు ఘాటైన క్షారం తయారై కండను కాల్చేస్తుంది. తీవ్రమైన గాయం కావడానికి 2 గంటలు చాలు. అన్నిటికంటే భయపెట్టేవి లిథియం బ్యాటరీలు. 2032 అని రాసి ఉంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని అర్థం, చిన్నపిల్లల అన్నవాహికలో అడ్డంగా ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోయే సైజు. అంతకంటే చిన్నవి కూడా ఈ వయసులో ప్రమాదమే. బొమ్మ అప్పటికే నీరసంగా పాడుతోంది, బ్యాటరీ అయిపోయిందిలే అనుకోకండి, బొమ్మను పాడించలేని బ్యాటరీలో కూడా కండను కాల్చేంత శక్తి మిగిలే ఉంటుంది.

వాంతి చేయించకండి, నోట్లో వేలు పెట్టి కెలకకండి, అక్కడ డాక్టరు చెప్పేదాకా ఏమీ తినిపించకండి. బ్యాటరీ మింగితే తేనె నాకించాలని ఎక్కడో చదివి ఉండొచ్చు. అది ఏడాది దాటిన పిల్లలకు, మింగిన 12 గంటల లోపు, అదీ ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఇచ్చేది. మీ బాబుకి ఏడాది నిండలేదు, రెండు రోజులుగా నలతగా ఉన్నాడు, కాబట్టి తేనె వద్దు. ఆ బొమ్మను, అదే రకం బ్యాటరీ ఇంట్లో ఇంకోటి ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి.

ఎందుకింత కంగారు పెడుతున్నానంటే, ఒక బాబుని నా దగ్గరికి నాలుగో రోజున తీసుకొచ్చారు. పళ్ళే అనుకున్నారు, జెల్ రాశారు, ఇంట్లో ఉన్న సిరప్ పట్టారు. ఎక్స్‌రేలో గుండ్రటి నీడ కనిపించింది. పక్కన నిలబడ్డ తండ్రి 'నాణెం మింగినట్టున్నాడండీ' అన్నారు. దగ్గరగా చూస్తే అంచుకి లోపల ఇంకో గీత ఉంది, గిన్నె మీద మూత బోర్లించినట్టు రెండు వలయాలు. నాణేనికి ఒకే అంచు ఉంటుంది, ఇది బ్యాటరీ. బాబు బతికాడు. కానీ కాలినచోట అన్నవాహిక సన్నబడిపోయింది, దాన్ని మళ్ళీ వెడల్పు చేయడానికి నెలల తరబడి మళ్ళీ మళ్ళీ మత్తిచ్చి చికిత్స చేయాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజులూ ఆ తల్లి బిడ్డను ఒళ్ళోంచి దించలేదు, వైద్యం చేస్తున్నాననే అనుకుంది.

అందుకే ఆ సిరప్ గురించి ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. పెద్దపాప మందు బాబుకి పట్టడం తప్పమ్మా. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు మేం రాయం. వాటి వల్ల ఒరిగేది పెద్దగా లేదు, మగత, గుండె దడ, ఊపిరి మందగించడం లాంటి ప్రమాదాలు మాత్రం ఉన్నాయి. ఏ మందైనా డోసు బిడ్డ బరువుని బట్టి ఉంటుంది, 'కొంచెం' అనే డోసు ఏ పుస్తకంలోనూ లేదు. పైగా మందు వేశాం కదా, రేపటికి తగ్గుతుందిలే అని ఇంకో రోజు గడిచిపోతుంది. ఏ సిరప్, ఎంత, ఎప్పుడు పట్టారో దాచకుండా డాక్టరుకి చెప్పండి, సీసా చూపించండి. చాలామంది తిడతారని దాస్తారు. తిట్టినా పర్లేదు, చెప్పండి.

పళ్ళ జెల్ వద్దు. వాటిలో కొన్నిటిలో ఉండే బెంజోకెయిన్ అనే మత్తుమందు అరుదుగానైనా రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించేస్తుంది, పెదాలు నీలంగా మారతాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది. పూసల దండ అసలే వద్దు, నిద్రలో మెడకు బిగుసుకోవచ్చు, తెగితే ఒక్కో పూసా ఊపిరి గొట్టానికి అడ్డం పడొచ్చు. ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలితే, అప్పుడు శుభ్రమైన తడిగుడ్డ ఫ్రిజ్‌లో కాసేపు చల్లబరిచి నమలనివ్వండి, లేదా ఒకే ముక్కగా ఉన్న, లోపల నీళ్ళు లేని రబ్బరు రింగు ఇవ్వండి. చిగుళ్ళు సలుపుతుంటే అది చాలు.

ఇక వాకర్. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి, 11 నెలలకు నడవకపోవడం ఆలస్యం కానే కాదు, 18 నెలల దాకా చూస్తాం. వాకర్‌లో కూర్చున్న బిడ్డ మునివేళ్ళ మీద నెట్టుకుంటూ పోతాడు, తన పాదాలు తనకే కనిపించవు, నడక నేర్చుకోవడం ఇంకా వెనకబడుతుంది. మనం లేచి అందుకునే లోపే మెట్ల అంచుకో పొయ్యి దగ్గరికో చేరిపోతాడు. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. ఒట్టి కాళ్ళతో నేల మీద వదలండి, కదలని బల్ల పట్టుకుని పక్కకి అడుగులు వేయనివ్వండి.

బొమ్మలకి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెలు, అట్ట పేజీల బొమ్మల పుస్తకం, బాబు నోట్లో పట్టనంత పెద్దదైన మెత్తటి బంతి. ఈ వయసులో దాచిన వస్తువు మళ్ళీ కనిపిస్తే మురిసిపోతారు, కాబట్టి గిన్నె కింద బంతి పెట్టి తీస్తే అదే పెద్ద ఆట. కొనేముందు టిష్యూ రోల్ మధ్యలో ఉండే అట్టగొట్టంలో వేసి చూడండి, అందులోంచి జారిపోయేదేదీ మూడేళ్ళ లోపు వాళ్ళకి ఇవ్వొద్దు. బ్యాటరీ బొమ్మే కావాలంటే మూతకి స్క్రూ ఉండాలి, గోటితో ఊడి వచ్చేదైతే వెనక్కి ఇచ్చేయండి. జానెడు మించి తాడున్నవి, అయస్కాంతం బిళ్ళలు, నీళ్ళలో వేస్తే ఉబ్బే పూసలు బాబు ఉన్న గదిలోకే రానివ్వొద్దు. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో కండకి చిల్లు పెడతాయి. బాబు పడుకునే చోట మెత్తటి బొమ్మలు, దిండ్లు ఉంచకండి.

ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే పెద్దపాపని దగ్గర కూర్చోబెట్టుకుని, 'బొమ్మలోంచి మెరిసే బిళ్ళ పడింది కదా, అదెక్కడికి పోయిందమ్మా' అని మెల్లగా అడగండి. కోప్పడితే భయపడి చెప్పదు. నాలుగేళ్ళ పిల్లలు ముక్కులో, చెవిలో కూడా పెట్టుకుంటారు, బ్యాటరీ అక్కడా త్వరగానే కాలుస్తుంది. తననీ వెంట తీసుకెళ్ళి, ఇద్దరి ముక్కులూ చెవులూ చూడమని అక్కడి డాక్టరుని అడగండి.