మగ కందిరీగకు తండ్రి లేడన్న సంగతి క్రోమోజోముల్లో కనిపిస్తుందా?

మగ కందిరీగ తండ్రి లేకుండానే పుడుతుందని చదివారు. అది క్రోమోజోముల లెక్కలో కనిపిస్తుందా, డిగ్రీ ప్రాజెక్టుగా చేయవచ్చా అని అడిగారు. కనిపిస్తుంది, చేయవచ్చు. ఎమ్మెస్సీలో నేను చేసింది ఇదే. మొదటి మూడు వారాలు మాత్రం దండగ చేసుకున్నాను.

రెక్కలొచ్చిన కందిరీగలను కోయడం నా తప్పు. విభజన జరుగుతున్న కణంలోనే క్రోమోజోములు విడివిడిగా కనిపిస్తాయి. ఎదిగిన పురుగు మెదడులో ఆ పని దాదాపు ముగిసిపోయి ఉంటుంది. కావలసింది ప్రీప్యూపా: పిల్లపురుగు తిండి మానేసి, కడుపులోని నల్లటి మలమంతా వదిలేసి, పాలిపోయి పడి ఉండే దశ. అది దాటితే అదను తప్పినట్టే.

నేను పెంచింది నాసోనియా విట్రిపెన్నిస్. ఈగల ప్యూపాల్లో (పిల్లపురుగు రెక్కల పురుగుగా మారే దశ ప్యూపా) గుడ్లు పెట్టే రెండు మిల్లీమీటర్ల కందిరీగ. 25 డిగ్రీల దగ్గర రెండు వారాల్లో ఒక తరం పూర్తవుతుంది. నల్లబడిన కందిరీగ ప్యూపాల్లో రెక్కల మొగ్గలు పొడవుగా ఉన్నవి ఆడవి, పొట్టిగా ఉన్నవి మగవి. ఆడవాటిని ఏరి ఒక్కొక్కదాన్ని ఒక్కో గాజుగొట్టంలో పెట్టండి. మగతోడు ఎరుగని ఆ తల్లికి పుట్టేవన్నీ కొడుకులే. స్లైడు మీద ఉన్నది మగదా ఆడదా అన్న అనుమానానికి చోటే ఉండదు.

ప్రీప్యూపా మెదడును ఒక శాతం సోడియం సిట్రేట్, 0.005 శాతం కోల్చిసిన్ (కణవిభజనను మధ్యలో ఆపే మందు) ఉన్న ద్రావణంలో అరగంట ఉంచాలి. తర్వాత ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ మిశ్రమం చుక్కలు వేసి, ఆరనిచ్చి, గీమ్సా రంగు పట్టించాలి. చీమల క్రోమోజోముల కోసం ఇమాయి బృందం 1988లో ప్రచురించిన పద్ధతి ఇది. కోల్చిసిన్ విషం, చేతితొడుగులు లేకుండా ముట్టకండి.

సూక్ష్మదర్శిని నూనె కటకం కింద మొదటిసారి చూసినవి అయిదు. నడుము దగ్గర నొక్కినట్టున్న ఊదారంగు ముక్కలు. మగతో కలిసిన తల్లుల కూతుళ్లలో పది. సరిగ్గా సగం! కొడుక్కి ఉన్నది తల్లి వాటా మాత్రమే, తండ్రి వాటా లేదు. అయిదు తక్కువనుకుంటే, ఆస్ట్రేలియాలోని మిర్మీసియా క్రాస్లాండీ అనే చీమలో మగదానికి ఉండేది ఒకే ఒక్కటి.

ఒకరోజు ఏడు కనిపించాయి. నాసోనియాలో పీఎస్ఆర్ అనే అదనపు క్రోమోజోము ఒకటుంది. మగవాటి వీర్యంతో వచ్చి, తండ్రి ఇచ్చిన మిగతా క్రోమోజోములన్నిటినీ నాశనం చేసి, కూతురు కావలసిన గుడ్డును కొడుకుగా మార్చేస్తుంది. అదే దొరికిందనుకుని గంతులు వేశాను. తండ్రి లేని కొడుక్కి అది ఎక్కడి నుంచి వస్తుందని, వచ్చినా అయిదుకు ఒకటి కలిస్తే ఆరే కదా అని ఆలోచించనే లేదు. గైడు ఒకే మాట అడిగారు: "ఏడున్న కణాలు ఎన్ని?" ఒక్కటే. పక్క కణం చిట్లి రెండు ఇటు జారాయి. ఆ తర్వాత పురుగుకు పది కణాలైనా లెక్కపెట్టకుండా నోటుపుస్తకంలో అంకె రాయలేదు.

నాసోనియా దొరకకపోతే తేనెపెట్టెల వాళ్లను అడగండి. మూత ఉబ్బెత్తుగా ఉన్న గదులు మగ తేనెటీగలవి, వాటికీ తండ్రి ఉండడు. వాటి కణాల్లో 16 క్రోమోజోములు ఉంటాయి, అన్నీ చిన్నవి. కొంచెం విసుగు తప్పదు.