క్రీడెన్స్ అంత తొందరగా ఎందుకు ఆగిపోయింది?

మీరు అడిగింది: అమెరికన్ రాక్ బ్యాండ్ క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అన్ని హిట్లు ఇచ్చి నాలుగైదేళ్లకే ఎందుకు విడిపోయింది, అన్నదమ్ముల గొడవేనా, కొత్తగా వినేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి అని.

బ్యాండ్‌లోని అన్నదమ్ములు టామ్, జాన్ ఫోగర్టీల గొడవ ఉన్న మాట నిజమే. కానీ నా లెక్కలో అసలు దెబ్బ కొట్టింది రికార్డు కంపెనీతో చేసుకున్న కాంట్రాక్ట్. కొట్టుకుని విడిపోయిన బ్యాండ్లు బోలెడు ఉన్నాయి. జుట్టు నెరిశాక రాజీపడి మళ్లీ స్టేజీ ఎక్కినవీ ఉన్నాయి. వీళ్లకు ఆ దారి కూడా మూసుకుపోయింది.

నేను కొన్నేళ్లు వీళ్ల సొంతూరు ఎల్ సెరిటోలోనే అద్దెకున్నాను. శాన్ ఫ్రాన్సిస్కోలో బార్ట్ రైలెక్కి సముద్రపాయ దాటితే బర్క్లీ తర్వాత వస్తుంది. కొండవాలున మామూలు ఇళ్లు, ఒక పెద్ద రోడ్డు, అంతే. ఆ పాటల్లో వినిపించే చిత్తడి నేలలు, స్టీమర్ పడవలు అక్కడ వెతికినా కనిపించవు. అవి ఉండే దక్షిణాది రాష్ట్రం లూసియానా అక్కడికి దాదాపు 3,000 కిలోమీటర్లు. జాన్ ఫోగర్టీ ఆ దక్షిణాదినంతా రేడియోలో విన్న బ్లూస్, కంట్రీ, పాత రాక్ అండ్ రోల్ నుంచి ఊహించుకుని కట్టాడు. 'గ్రీన్ రివర్' పాటకు మూలం కూడా కాలిఫోర్నియాలోనే, వింటర్స్ అనే ఊరి దగ్గరి ప్యూటా క్రీక్ అనే వాగు. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వెళ్లేవాళ్లట.

జాన్, స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్ ఒకే స్కూలు పిల్లలు. 1959లో బ్లూ వెల్వెట్స్ పేరుతో మొదలుపెట్టారు. తర్వాత జాన్ అన్నయ్య టామ్ కలిశాడు. నిజానికి మొదట్లో పాడింది టామే. 1964లో ఫాంటసీ అనే జాజ్ రికార్డుల కంపెనీలో చేరితే, వాళ్లు వీళ్లను అడక్కుండానే గాలీవాగ్స్ అని పేరు మార్చారు. అది నల్లజాతి వాళ్లను వెక్కిరిస్తూ చేసే ఒక బొమ్మ పేరు. ఆ పేరంటే నలుగురికీ ఒళ్లు మంట. 1967లో సాల్ జాంట్జ్ ఆ కంపెనీని కొన్నాక, 1968 మొదట్లో క్రీడెన్స్ అయ్యారు. అంటే తొలి హిట్ 'సూజీ క్యూ' వచ్చేసరికి దాదాపు పదేళ్ల చాకిరీ వెనక ఉంది.

ఇక 1969. ఒక్క ఏడాదిలో మూడు ఆల్బమ్‌లు: 'బయూ కంట్రీ', 'గ్రీన్ రివర్', 'విల్లీ అండ్ ద పూర్ బాయ్స్'. మూడూ ఆడాయి. అదే ఏడాది ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాయించారు, కానీ వీళ్ల వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటి జనం నిద్రలో ఉన్నారు. జాన్‌కు ఆ ప్రదర్శన నచ్చక, ఆ ఉత్సవం మీద తీసిన సినిమాలో పెట్టనివ్వలేదు. చుట్టూ శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండ్లు ఒక్కో పాటను అరగంట సాగదీస్తుంటే వీళ్లు మూడు నిమిషాల్లో ముగించేవాళ్లు. అయిదు సింగిల్స్ అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో రెండో స్థానం దాకా వెళ్లాయి, మొదటి స్థానం మాత్రం ఒక్కదానికీ దక్కలేదు. నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

రాయడం, పాడడం, లీడ్ గిటార్, ప్రొడక్షన్, అన్నీ జాన్ చేతిలోనే. హిట్లు రావడానికి అదే కారణం, మిగతా ముగ్గురికి ఊపిరాడకపోవడానికీ అదే కారణం. నేను శని, ఆదివారాల్లో స్నేహితులతో కలిసి వీళ్ల పాటలు వాయించేవాణ్ని, రిథమ్ గిటార్ నాది. లీడ్ కోసం అందరూ పోటీపడతారు, రిథమ్ ఎవరికీ అక్కర్లేదు. కానీ 'ప్రౌడ్ మేరీ'లో ఆ కుడిచేయి ఒక్క క్షణం తడబడినా పాట మొత్తం కూలబడుతుంది. టామ్ వాయించింది అదే. తమ్ముడి వెనక అలా ఎన్నేళ్లు నిలబడగలడు? 1971 మొదట్లో బయటికొచ్చేశాడు. 1972లో 'మార్డీ గ్రా' ఆల్బమ్‌కు మిగిలిన ముగ్గురూ తలా కొన్ని పాటలు రాశారు. వాళ్లే అడిగారని జాన్ అంటాడు, జాన్ బలవంతం చేశాడని వాళ్లంటారు. విమర్శకులు చీల్చి చెండాడారు. ఆ అక్టోబర్‌లో బ్యాండ్ ముగిసింది.

అసలు కథ ఇక్కణ్నుంచే. బ్యాండ్ పోయినా జాన్ ఇంకా ఎన్నో పాటలు ఫాంటసీకి బాకీ. పాటల హక్కులు కంపెనీవి. పన్ను మిగులుతుందని బహామాస్ బ్యాంకులో దాచిన డబ్బు ఆ బ్యాంకుతో పాటే మునిగింది. చివరికి జాన్ తన క్రీడెన్స్ రాయల్టీలు వదులుకుని కాంట్రాక్ట్ నుంచి బయటపడ్డాడు, ఆ పాటలు పాడడమే మానేశాడు. 1985లో 'సెంటర్‌ఫీల్డ్'తో తిరిగొస్తే ఫాంటసీ కేసు వేసింది: కొత్త పాట 'ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్', పాత 'రన్ త్రూ ద జంగిల్'కు కాపీ అని. రెండూ రాసింది ఆయనే! 1988లో కోర్టుకు గిటార్ తెచ్చి, బోనులో కూర్చుని వాయించి చూపించి గెలిచాడు. లాయర్ ఫీజుల పేచీ 1994లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి 13 లక్షల డాలర్లకు పైగా రాబట్టుకున్నాడు. తమాషా ఏమిటంటే, క్రీడెన్స్ పాటల్లో టామ్‌కు అన్నిటికంటే ఇష్టమైనది ఆ 'రన్ త్రూ ద జంగిలే'. శ్రుతి మారకుండానే మారినట్టు భ్రమ కలిగిస్తుందని మెచ్చుకునేవాడు. నిజమే, వాయించి చూడండి.

1987లో ఒక క్లబ్‌లో బాబ్ డిలన్, 'ప్రౌడ్ మేరీ' నువ్వు పాడకపోతే అది టీనా టర్నర్ పాటే అనుకుంటారు జనం అన్నాక జాన్ దాన్ని పాడాడు. ఆ జులై 4న వియత్నాం సైనికుల కోసం జరిగిన కచేరీలో పాత పాటలు మళ్లీ ఎత్తుకున్నాడు. అన్నదమ్ములు మాత్రం కలవలేదు. టామ్ ఫాంటసీ యజమాని జాంట్జ్ పక్షాన ఉన్నాడని జాన్‌కు కోపం. 1990లో టామ్ పోయాడు. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఇచ్చినప్పుడు జాన్ వేరే వాళ్లతో వాయించాడు, స్టూ, డగ్ టేబుల్ దగ్గరే ఉండిపోయారు. ఇది మాత్రం జాన్ చేసిన పని, ఏ కాంట్రాక్టూ చేయించలేదు. నేనాయన అభిమానినే, అయినా సమర్థించలేను. 2023లో, రాసిన 50 ఏళ్లు దాటాక, పాటల ప్రచురణ హక్కుల్లో అధిక భాగం ఆయన చేతికొచ్చింది.

మొదలుపెట్టడానికి 1970 నాటి 'కాస్మోస్ ఫ్యాక్టరీ' చాలు. అందులో 11 నిమిషాల 'గ్రేప్‌వైన్' హెడ్‌ఫోన్స్‌లో వింటే నలుగురూ విడివిడిగా వినబడతారు. తర్వాత 'విల్లీ'. హిట్లు మాత్రమే కావాలంటే 'క్రానికల్' ఉంది. 'మార్డీ గ్రా' ఆఖరికి ఉంచండి, కాకపోతే అందులో 'సమ్‌డే నెవర్ కమ్స్' ఒక్కటి మాత్రం వదలొద్దు.