యాడ్స్ డబ్బుతో బెంగళూరులో అద్దె కట్టగలమా?

ప్రశ్న: అన్నా, బెంగళూరు వచ్చి మూడు నెలలైంది. ఉద్యోగం మానేసి తెలుగులో ఒక వెబ్‌సైటు నడుపుదామనుకుంటున్నాను. యాడ్స్ డబ్బుతో ఇక్కడ బతకొచ్చా? డొమైన్ పేరు, అదే సైటు అడ్రస్, ఎలాంటిది పెట్టమంటారు?

తమ్ముడూ, మూడు నెలలకే ఉద్యోగం మానేస్తానంటున్నావంటే నువ్వింకా పీజీలోనే, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లోనే ఉన్నావన్నమాట. పీజీలో ఉన్నన్నాళ్లూ బెంగళూరు చవకగానే కనిపిస్తుంది. ఇల్లు చూసుకునే రోజు ఓనరు పది నెలల అద్దె అడ్వాన్సు అడుగుతాడు చూడు, అప్పుడు తెలుస్తుంది.

నేను 2016లో అనంతపురం దగ్గరి పల్లె నుంచి వచ్చాను. మారతహళ్లి పీజీలో గదికి ముగ్గురం. మన సైట్లో యాడ్స్ వేసి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకి 2018లో గానీ రాలేదు. వచ్చిందని తెలిసిన వారానికే సైటు పెట్టేశాను. ఏం రాశాననుకున్నావు? అందరూ రాసే సినిమా వార్తలే. రోజుకి ముప్పై మంది చదివేవాళ్లు, అందులో ఇరవై మంది మా ఆఫీసువాళ్లే. మా రూమ్మేట్లు మంచివాళ్లు పాపం, రాత్రి భోజనాలయ్యాక ఫోన్లు పట్టుకుని కూర్చుని నా కోసం యాడ్స్ నొక్కేవాళ్లు. నెల తిరగకుండానే ఖాతాలో 64 డాలర్లు కనిపించాయి.

అక్కడ ‘అంచనా’ అని రాసి ఉంటుంది. నేను దాన్ని జీతంలాగే చదువుకున్నాను. ఇదే ఊపులో పెరుగుతుందని లెక్కేసి కేఆర్ పురంలో 12 వేల అద్దెకి ఇల్లు మాట్లాడేశాను. అడ్వాన్సు 1,20,000. నాన్న వేరుశనగ అమ్మిన డబ్బు పంపించారు. నాలుగు నెలల్లో సైటే తీర్చేస్తుంది నాన్నా అన్నాను.

నెల ముగిశాక లెక్క ఖరారైతే ఆ 64 కాస్తా 9 అయింది. మనవాళ్లు మన మీద ప్రేమతో నొక్కిన నొక్కుళ్లు చెల్లవు, కోసేస్తారు. ఖాతా మొత్తం మూసేసినా దిక్కులేదు, నాది మిగిలింది. నాన్న అప్పు మాత్రం రెండేళ్లు జీతంలోంచే తీర్చాను. ఆ రెండేళ్లలో ఉద్యోగం లేకపోతే ఏమయ్యేవాణ్నో ఇప్పటికీ తలచుకుంటే టెన్షనే. అందుకే రాజీనామా మాట ఎత్తకు.

నా సైటుకి నిజంగా జనం వచ్చింది సంక్రాంతి వల్ల. పండక్కి ఇక్కడి నుంచి మన ఊళ్లకి టికెట్ దొరకనప్పుడు గుంతకల్లు దాకా ఏ రైలెక్కాలి, అక్కడి నుంచి ఎలా వెళ్లాలి అని, నేను పడ్డ పాట్లే ఒక పేజీగా రాసిపెట్టాను. సినిమా వార్తలన్నీ కలిపినా దానంత రాలేదు. అయితే రాసేసి పడుకుంటే కుదరదు. రైలు టికెట్ 120 రోజుల ముందు తీసుకోవచ్చని అందులో ఉండేది. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులకి తగ్గింది, నేను మార్చలేదు. నెల్లూరాయన ఒకాయన ‘నీ మాట నమ్మి సెలవు కూడా పెట్టుకున్నానయ్యా’ అని తిట్టిపోశాడు. నిజమే కదా.

ఇప్పుడు నెలకి 15 నుంచి 20 వేలు వస్తుంది. మాలాంటివాళ్లలో ఇంత తెచ్చుకునేవాళ్లు తక్కువేలే. కానీ మా ఇంటి అద్దె 24 వేలు. పైగా ఈమధ్య వెతికినవాళ్లకి గూగుల్ జవాబు పైనే చూపించేస్తోంది, లోపలికి వచ్చేవాళ్లు తగ్గారు.

ఆఫర్ లెటర్‌లో వేరే సంపాదన గురించి ఒక లైను ఉంటుంది, చదువుకో. పన్ను సంగతి ఎవరైనా సీఏని అడుగు. డొమైన్ పేరు ఏదైనా ఒకటే. మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకుండా రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూసి కొను.

యాడ్‌సెన్స్ ఖాతాలో పది డాలర్లు దాటగానే అడ్రస్ రుజువుకి పోస్టులో ఒక పిన్ నంబరు వస్తుంది. నాలుగు నెలల్లో అది ఎక్కించకపోతే యాడ్స్ ఆగిపోతాయి. పీజీ అడ్రస్ ఇవ్వకు. నా కవరు పాత పీజీకి వెళ్లింది. వెళ్లి చూస్తే మెస్సులో నీళ్ల క్యాన్ పెట్టిన బల్ల ఊగకుండా కాలి కింద మడిచిపెట్టి ఉంది, సాంబారు పడి అంకెలు అలుక్కుపోయాయి. రెండోసారి మా ఊరి అడ్రస్ ఇచ్చాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లో ఆరంకెలూ ఒక్కొక్కటే చదివారు. మొత్తం అయ్యాక, ‘ఇది ఎక్కిస్తే ఎంత వస్తుందిరా?’ అన్నారు.

‘వంద డాలర్లు దాటాకే ఇస్తారు నాన్నా. ప్రస్తుతానికి ఏడొందల రూపాయలుంది.’

ఆ వంద డాలర్లు దాటడానికి పద్నాలుగు నెలలు పట్టింది.